మేజోడు అంచున మూడు చిల్లులు

1766లో ఇంగ్లండు పార్లమెంటు మేజోళ్ళ గురించి ఒక చట్టం చేసింది. ఫ్రేము మీద అల్లిన సరుకులో, పూర్తిగా పట్టుతో చేసినవి తప్పించి, మూడు లేదా అంతకన్నా ఎక్కువ పోగులు కలిపిన నూలు వాడితే, ఎన్ని పోగులుంటే అన్ని చిన్న చిల్లులు పై అంచుకి దగ్గరగా ఒకే వరసలో పెట్టాలి. మూడు పోగులకి మూడు, నాలుగు పోగులకి నాలుగు. లేని పోగుకి చిల్లు పెడితే జరిమానా. చదువు రాని మనిషి కూడా వేలితో తడిమి లెక్క చూసుకోవచ్చు. ఫ్రేము అల్లికగాళ్ళ చరిత్ర చదువుతుంటే ఈ చట్టం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఒక దేశపు పార్లమెంటు పనిగట్టుకుని మేజోడులో పోగులు లెక్కపెట్టడమేమిటి?

పైకి చాదస్తంలా కనిపిస్తుంది గానీ, కాదు. ఆ తర్వాత నలభై యాభై ఏళ్ళకి నాటింగ్‌హామ్ చుట్టుపక్కల జరిగిన గొడవ, ఇవాళ మనం ‘లుడ్డైట్లు’ అని ఎగతాళిగా పిలిచేవాళ్ళ గొడవ, ఈ పోగుల లెక్క తెలియకపోతే సగమే అర్థమవుతుంది.

ముందు అల్లిక సంగతి చూద్దాం. నేత బట్టలో పడుగూ పేకా ఉంటాయి. చీరలో ఒక పోగు తెగితే అక్కడొక గీత పడుతుంది, మిగతా పోగులు పట్టుకునే ఉంటాయి. అల్లికలో అలా కాదు. ఒక వరస మొత్తం ఒకే పోగు. అది లూపులు లూపులుగా వంగి, పక్క వరస లూపుల్లోంచి దూరి నిలబడుతుంది. ఒక్కచోట తెగిందా, దాన్ని పట్టుకుని ఉన్న లూపు జారుతుంది, దాని వెనక ఇంకోటి, నిచ్చెన మెట్లలా చివరిదాకా. బట్ట సాగేదీ ఒంటికి హత్తుకునేదీ ఈ లూపుల వల్లే, ఊడిపోయేదీ వీటివల్లే. అంచేత అల్లిక బట్ట మన్నిక అంతా దాదాపుగా నూలు చేతిలో ఉంటుంది.

మరి గట్టి నూలు పెడితే సరిపోతుంది కదా? సరిపోదు. నూలుకి బలం పురి నుంచి వస్తుంది. వేలెడంత కూడా లేని పత్తి పీచుల్ని పక్కపక్కన పేర్చి మెలితిప్పితే ఒకదాన్నొకటి ఒరుసుకుని పట్టుకుంటాయి. పురి పెంచితే బలం పెరుగుతుంది, ఒక హద్దు దాటాక మళ్ళీ తగ్గుతుంది. నేతగాడు పడుగుకి పురి బాగా ఎక్కించి, పైన గంజి పెట్టి, బిగదీసి లాగుతాడు. అల్లికగాడికి ఆ వీలు లేదు. పురి ఎక్కువైన ఒంటిపోగు సూది చుట్టూ వంగమంటే మెలికలు పడుతుంది, అల్లాక బట్టని ఒక పక్కకి ఈడుస్తుంది. నాలుగు ఉతుకులయ్యాక టీషర్టు పక్క కుట్టు నడుం మీంచి పొట్ట మీదకి తిరగడం మీరూ చూసే ఉంటారు. దర్జీ తప్పు అనుకుంటాం. చాలాసార్లు అది ఒంటిపోగులో మిగిలిపోయిన పురి, విప్పుకునే దారి వెతుక్కుంటోందన్నమాట.

దీనికి పాత విరుగుడు ఒకటుంది, తాడు పేనే ప్రతివాడికీ తెలిసినదే. పలచని పోగులు రెండో మూడో వడికి, వాటిని పురికి ఎదురు దిశలో కలిపి పేనాలి. ఒక పురి ఇంకో పురిని సరిపెడుతుంది. దారం మెత్తగా వంగుతుంది, బలంగానూ ఉంటుంది. ఇంకో లాభం లెక్కల్లో కనిపిస్తుంది. చేత్తో వడికినా మరతో వడికినా ఏ పోగూ ఒకే మందంలో రాదు, సన్నబడ్డ చోటే తెగుతుంది. కలిపిన పోగులన్నీ ఒకేచోట సన్నబడడం అరుదు. నాలుగు పోగులు కలిపితే ఎగుడుదిగుడు సగానికి తగ్గుతుంది, వర్గమూలం లెక్క. మా వృత్తిలో ఒక సర్వరు బదులు నాలుగు పెట్టడం ఇలాంటి ఆలోచనే.

ఖర్చు మాత్రం పెరుగుతుంది. ఒకే మందం రావాలంటే మూడు పోగుల దారానికి మూడు సన్నని పోగులు వడకాలి, ఆపైన పేనాలి. ఒంటిపోగయితే ఒకసారి లావుగా వడికితే అయిపోయింది. ఆవిరి పట్టి, నొక్కి, మడతపెట్టి కొట్లో పెట్టాక రెంటికీ తేడా కంటికి కనపడదు. నాలుగు వారాలు తొడిగాక మడమ దగ్గర కనపడుతుంది. చిల్లుల చట్టం వచ్చింది ఇందుకే.

పోగుల లెక్కతో పాటు పీచు ఎలా పేర్చారన్నదీ ముఖ్యం. పొందూరులో ఖద్దరు వడికేవాళ్ళు పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. పీచులన్నీ ఒకే వాలులోకి వస్తేనే అంత సన్నని నూలు సాధ్యం. ఇంగ్లండులో ఉన్నికి కాస్త ఇలాంటి పనే ఇనప దువ్వెనలతో చేసేవాళ్ళు. అలా దువ్వి పొట్టి పీచు తీసేసి వడికిన ఉన్ని నూలుని, నార్ఫోక్‌లోని ఊస్టెడ్ అనే ఊరి పేరుతో ఊస్టెడ్ అన్నారు. దువ్వకుండా ఏకి వడికితే పీచులు అడ్డదిడ్డంగా ఉంటాయి, మధ్యలో గాలి నిలుస్తుంది, వెచ్చగా ఉంటుంది. కానీ పీచు కొనలు బయటికి పొడుచుకొస్తాయి, రాపిడికి చుట్టుకుని ఉండలు కడతాయి, బట్ట పలచబడుతుంది. వెచ్చదనం ఒక నూలులో, మన్నిక ఇంకో నూలులో. రెండూ పూర్తిగా కావాలంటే కుదరదు.

ఇక చరిత్రలోకి. మేజోళ్ళల్లే ఫ్రేముని 1589లో నాటింగ్‌హామ్‌షైర్‌లోని కాల్వర్టన్‌కి చెందిన విలియం లీ తయారుచేశాడంటారు. మొదటి ఫ్రేము ముతక ఉన్ని మేజోళ్ళు మాత్రమే అల్లేది. ఎలిజబెత్ రాణి పేటెంటు ఇవ్వలేదని, చేత్తో అల్లుకుని బతికే పేదల నోట్లో మట్టి కొడతావా అందని కథ ఉంది. రాణి అన్నమాట నిజమో కాదో గానీ, లీ తర్వాత సూదులు దగ్గరగా అమర్చి పట్టు మేజోళ్ళల్లే ఫ్రేము చేశాడు, చివరికి ఫ్రాన్సు వెళ్ళి అక్కడే పోయాడు. ఫ్రేము మాత్రం ఇంగ్లండులో నిలిచింది. 1657లో క్రామ్‌వెల్, 1663లో రెండవ ఛార్లెస్ అల్లికగాళ్ళ సంఘానికి చార్టర్లు ఇచ్చారు. ఈ తారీఖులు ఎందుకు చెబుతున్నానంటే, లుడ్డైట్లు విరగ్గొట్టిన ఫ్రేము అప్పటికి రెండు వందల ఏళ్ళ పాత యంత్రం. వాళ్ళ తాత ముత్తాతలు నడిపిన యంత్రం.

పట్టు, ఊస్టెడ్ ఫ్రేముకి ఇమిడాయి. పత్తి ఇమడలేదు. సూదుల మధ్య తెగకుండా నడిచేంత సమంగా, గట్టిగా పత్తి నూలు వడకడం ఇంగ్లండులో చేతకాలేదు. నాటింగ్‌హామ్‌లో 1730 ప్రాంతంలో అల్లిన తొలి పత్తి మేజోళ్ళకి మన దేశపు చేతివడుకు నూలు వాడారని ఆ పరిశ్రమ చరిత్రకారులు రాశారు. నాలుగు పోగులు కలిపి అల్లారట. అంటే చిల్లుల చట్టం రాకముందే పోగుల కిటుకు వాళ్ళకి తెలుసు.

ఆ నూలు ఇంట్లోనే కావాలన్న ఆకలి ఎంత పెద్దదో చూడండి. నీటి చక్రంతో నడిచే వడుకు యంత్రానికి 1769లో పేటెంటు పొందిన రిచర్డ్ ఆర్క్‌రైట్ సొంతూరు లాంకషైర్. కానీ అతను దుకాణం పెట్టింది నాటింగ్‌హామ్‌లో. డబ్బు పెట్టినవాళ్ళు శామ్యూల్ నీడ్, జెడిడయా స్ట్రట్, ఇద్దరూ మేజోళ్ళ వ్యాపారులు. స్ట్రట్ అయితే ఫ్రేముకి గాడి అల్లిక సాధనం చేర్చి పేరు సంపాదించినవాడు. 1771లో క్రామ్‌ఫర్డ్‌లో మిల్లు లేచింది. రోలర్ల మధ్య పీచుని సమంగా లాగి, ఆగకుండా పురి పెట్టడం వల్ల వచ్చే నూలు గట్టిది. పారిశ్రామిక విప్లవం అంటే కలికో, మస్లిన్ గుర్తొస్తాయి గానీ, ఆ మిల్లు నూలుకి మొదటి గిరాకీ మేజోళ్ళదే. అల్లికగాళ్ళెవరూ దీని మీద గొడవ పెట్టినట్టు కనపడదు. మంచి నూలు ఏ యంత్రం నుంచి వచ్చినా వాళ్ళకి మంచిదే.

మరి 1811లో ఏమైంది? నెపోలియన్‌తో యుద్ధం, అమెరికా వ్యాపారం మూతపడడం, పంటలు పోయి రొట్టె ధర మండడం. వీటికి తోడు ఫ్యాషన్ మారింది. మగవాళ్ళు మోకాళ్ళ లాగులు వదిలి పొడుగు ప్యాంట్లలోకి వచ్చారు, కనపడని మేజోడుకి ఎవరు డబ్బు పెడతారు? గిరాకీ పడిపోయింది. అప్పుడు కొందరు వ్యాపారులు వెడల్పాటి ఫ్రేముల మీద బారు బట్ట అల్లించి, కత్తెరతో మేజోడు ఆకారంలో కత్తిరించి కుట్టించడం మొదలుపెట్టారు. వాటికి ‘కట్-అప్స్’ అని పేరు. అసలు మేజోడు అలా చెయ్యరు. పిక్క దగ్గర వెడల్పు, చీలమండ దగ్గర సన్నం కావాలంటే అంచు లూపుల్ని ఒక్కొక్కటే లోపలి సూదికి మార్చుకుంటూ అల్లాలి. అలా అల్లిన ముక్కకి రెండు వైపులా గట్టి అంచు ఉంటుంది. కత్తిరించిన ముక్కకి అంచే లేదు, తెగిన లూపులు తప్ప. కుట్టు కాస్త లాగితే చాలు, విడిపోతుంది. దీనికి తోడు పోగులు తగ్గించిన నూలు. లేసు పనిలోనూ ఇదే వరస, ఒక ఉతుక్కే ఊడిపోయే చౌక లేసు బజార్ని నింపింది. 1811 నాటికి పాత చిల్లుల చట్టాన్ని పట్టించుకున్నవాళ్ళు తక్కువ.

1811 మార్చి 11 రాత్రి ఆర్నల్డ్ అనే ఊళ్ళో 60కి పైగా ఫ్రేములు విరిగాయి. ఏడాది తిరిగేసరికి విరిగినవి సుమారు వెయ్యి. నాకు ముఖ్యమనిపించింది వాటి సంఖ్య కాదు, ఎంపిక. ఒకే ఇంట్లో కొన్ని ఫ్రేములు విరగ్గొట్టి, ఒప్పుకున్న కూలికి సరైన సరుకు అల్లుతున్న పక్క ఫ్రేముని ముట్టుకోకుండా వెళ్ళిపోయిన సందర్భాలు ఉన్నాయి. యంత్రమంటే ద్వేషం ఉన్నవాడు అలా ఏరుకుంటూ కూర్చోడు.

మా ఆఫీసుల్లో ఏఐ పనిముట్ల మీద ఎవరైనా సందేహం వెలిబుచ్చితే ‘లుడ్డైట్’ అనేస్తారు, వెనకబడిన మనిషి అన్న అర్థంలో. రాసిన కోడు ఆర్నెల్ల తర్వాత ఎవరు సరిచేస్తారన్నది ఆ మనిషి ప్రశ్న. ఆ లెక్కన ఆ పేరు సరిగ్గానే పెట్టారు, అన్నవాళ్ళకి తెలియకపోయినా.

ఫ్రేము విరగ్గొడితే అప్పటిదాకా శిక్ష ద్వీపాంతరవాసం. 1812లో మరణశిక్షగా మార్చే బిల్లు వచ్చింది. ఆ ఫిబ్రవరి 27న ప్రభువుల సభలో దాన్ని వ్యతిరేకిస్తూ మాట్లాడినవాడు బైరన్, 24 ఏళ్ళవాడు, సభలో అదే అతని తొలి ప్రసంగం. నాటింగ్‌హామ్‌షైర్‌లో సొంత ఎస్టేటు ఉన్నవాడు, ఆకలిని దగ్గర్నుంచి చూశాడు. అందులో నాసిరకం పనికి అల్లికగాళ్ళ భాషలో ‘సాలీడు పని’ అని పేరుందని కూడా చెప్పాడు. గొప్ప ప్రసంగమే. కానీ కొత్త రకం ఫ్రేము వల్ల ఒక్కడే పదిమంది పని చేస్తున్నాడన్న వాదనకి అతను ఎక్కువ బరువిచ్చాడని నాకనిపిస్తుంది. యంత్రం వర్సెస్ మనిషి అన్న ఆ కథే తర్వాత స్థిరపడిపోయింది, నూలు సంగతి అడుగున పడింది. 1963లో ఇ. పి. థాంప్సన్ ఇంగ్లీషు కార్మికవర్గం మీద రాసిన పెద్ద పుస్తకంలో నాణ్యత గొడవని మళ్ళీ పైకి తీసేదాకా అంతే.

బైరన్ కన్నా గ్రేవనర్ హెన్సన్ నాకు ఆసక్తికరమైన మనిషి. అతను అల్లికగాడు, తర్వాత 1831లో తన వృత్తి చరిత్ర తనే రాశాడు. 1812లో అల్లికగాళ్ళ సంఘం తరఫున పార్లమెంటుకి వెళ్ళి, మోసపు సరుకునీ, కూలిని డబ్బుకి బదులు సరుకుల్లో ఇవ్వడాన్నీ అరికట్టే బిల్లు కోసం తిరిగాడు. ఒకవైపు సుత్తులు, ఇంకోవైపు వినతిపత్రాలు. విచారణ కమిటీ ముందు సాక్ష్యాలు చెప్పించాడు. కామన్స్‌లో బిల్లు బాగా కత్తిరింపులు పడి నెగ్గింది. జులైలో లార్డ్స్ దాన్ని కొట్టిపారేసింది. వ్యాపారంలో ప్రభుత్వం వేలు పెట్టకూడదు, సరుకు మంచిదో చెడ్డదో కొనేవాడే తేల్చుకుంటాడు, అదీ అప్పటి పెద్దల వాదన.

కొనేవాడు ఎలా తేల్చుకుంటాడు? పోగులు లోపలున్నాయి. పాడైపోయిన మేజోడు చూసి అతను నేర్చుకునేది ఒక్కటే, మేజోళ్ళన్నీ దండగని. అప్పుడు మంచిదానికీ చెడ్డదాని ధరే ఇస్తాడు, మంచిది అల్లేవాడు మూసేసుకుంటాడు. 1970లో జార్జ్ అకర్లాఫ్ సెకండ్‌హ్యాండ్ కార్ల ఉదాహరణతో ఇదే వాదన రాసి, 2001లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ పంచుకున్నాడు. హెన్సన్‌కి ఆ లెక్క కడుపుతో తెలుసు.

అయితే వాదన మొత్తం వాళ్ళ పక్షాన రాసేస్తే అబద్ధమవుతుంది. కత్తిరించి కుట్టడం అన్నది దానంతటదే పాపం కాదు. స్కాట్లండు ఉత్తరాన షెట్లాండ్ దీవుల్లో ఆడవాళ్ళు స్వెట్టరుని గొట్టంలా అల్లి, ముందు వైపు నిలువునా కత్తెరతో కోసి, బొత్తాల పట్టీ వేస్తారు. ఊడదు. అక్కడి ఉన్ని పీచుకి పొలుసులుంటాయి, ఒకదానికొకటి అతుక్కుంటాయి. కోసిన లూపు కదలదు. అదే కత్తెర నున్నటి పత్తి అల్లిక మీద పెడితే కళ్ళముందే జారిపోతుంది. కత్తెర తప్పా, నూలు తప్పా అంటే, ఆ నూలుకి ఆ కత్తెర తప్పు. పత్తికి విరుగుడు 19వ శతాబ్దం చివరలో ఓవర్‌లాక్ మిషన్‌తో వచ్చింది. అది అంచుని కోస్తూనే దారాలతో చుట్టేస్తుంది. ఇవాళ మనం తొడిగే టీషర్టులూ బనియన్లూ దాదాపు అన్నీ కట్-అప్సే. తిరుప్పూరు మొత్తం దాని మీదే నడుస్తోంది. 1811లో ఆ మిషన్ లేదు కాబట్టి ఆనాటి అల్లికగాళ్ళ కోపం న్యాయమే. అది ఎప్పటికీ చెల్లే సూత్రం మాత్రం కాదు.

చట్టంతో పని లేకుండా మన్నిక సాధించినవాళ్ళూ ఉన్నారు. బ్రిటన్ తీరాల్లో జాలర్లు వేసుకునే గాన్సీ అనే స్వెట్టరుకి ఐదు పోగులు గట్టిగా పేనిన ఊస్టెడ్ నూలు వాడతారు, సన్నని ఇనప సూదులతో బిర్రుగా అల్లుతారు. గాలీ నీళ్ళూ తేలిగ్గా చొరబడవు. చేతుల్ని భుజం నుంచి మణికట్టు వైపుకి అల్లుతారు. ముందు అరిగేది మణికట్టే కాబట్టి, అక్కడిదాకా విప్పి మళ్ళీ అల్లుకుంటే సరి. ఇక్కడ అల్లేది భార్యో తల్లో, తొడిగేది ఇంట్లోవాడు. నూలులో దగా చేస్తే తనకే తగులుతుంది.

నైలాన్ వచ్చాక కథ తిరగబడింది, అదీ పూర్తిగా కాదు. 1940 మే 15న అమెరికా అంతటా నైలాన్ మేజోళ్ళు అమ్మకానికి వచ్చాయి. పీచు పట్టు కన్నా గట్టిది. ఆ తర్వాత మేజోళ్ళు చిరిగిపోతున్నాయని, కంపెనీ కావాలనే నాసిగా చేసిందని ఒక కథ ప్రచారంలో ఉంది. అంత కుట్ర అక్కర్లేదు. డెనియర్ అంటే 9,000 మీటర్ల దారం బరువు, గ్రాముల్లో. ఫ్యాషన్ పలచదనం అడిగింది, 15 డెనియర్ దాకా దిగారు. ఎంత గట్టి పీచైనా అంత సన్నబడ్డాక గోరు తగిలితే తెగుతుంది, లూపుల నిచ్చెన మామూలే. గట్టి పీచుకి ఇంకో తంటా ఉంది. ఉన్ని మీద లేచిన ఉండలు కొన్నాళ్ళకి పీచు తెగి రాలిపోతాయి. పాలియెస్టర్ కలిసిన స్వెట్టరు మీద రాలవు, పీచు తెగదు కాబట్టి. బలం ఎక్కువైతే బట్ట అసహ్యంగా బతికే ఉంటుందన్నమాట. ఉన్ని సాక్సుకి నైలాన్ కలపడం మాత్రం మంచి రాజీ. వెచ్చదనం ఉన్నిది, రాపిడి నైలాన్‌ది.

ఇప్పటి టీషర్టు మెడ వెనక పట్టీ మీద ‘100% కాటన్’ అని ఉంటుంది. పీచు జాతి చెబుతుంది, అంతే. పొడుగు పింజా పొట్టి పింజా, దువ్వారా లేదా, ఒంటిపోగా పేనినదా, ఇవేవీ అది చెప్పదు. 1967లో చెకొస్లొవేకియాలో మొదలైన రోటర్ వడుకు నూలు చౌక, వేగం, కానీ పాత పద్ధతి నూలంత బలం ఉండదు. అదీ పట్టీ మీద ఉండదు. కొందరు ‘కూంబ్డ్’ అని రాస్తారు, వాళ్ళకి అది అమ్మకపు మాట కాబట్టి. 1766 నాటి మూడు చిల్లులు చెప్పినంత కూడా మన పట్టీ చెప్పడం లేదు.

కావాలంటే పాత టీషర్టు ఒకటి తీసి లోపలి పక్క కుట్టు దగ్గర, కోసిన అంచు నుంచి ఒక పోగు లాగండి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పురికి ఎదురు తిప్పండి. ఎక్కువసార్లు అది పీచు పీచుగా విడిపోయి చేతిలో దూదిలా మిగులుతుంది, ఒంటిపోగు. ఇప్పుడు అదే చోట కుట్టిన దారం కొంచెం తీసి తిప్పి చూడండి. సాధారణంగా రెండు పోగులు, ఒక్కోసారి మూడు, విడివిడిగా బయటికొస్తాయి. కుట్టు ఊడిందంటే కొన్నవాడు వెంటనే పట్టుకుంటాడు కాబట్టి దానికి పేనిన దారం వాడారు.